కారుకి బట్టలు పెట్టిన లంక

జీలుగులంకలో మట్టపర్తి సత్తిరాజని ఒకాయన ఉన్నాడు, కంద, అరటి వేస్తాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఇవతలి రేవులో నిలబడి కేకేస్తే అవతలి రేవులో గేదెలు తలెత్తి చూస్తాయంట. ఆయనకీ నాకూ చుట్టరికం ఉంది లెండి, మా పెద్దమ్మ కోడలి తమ్ముడు, అంచేత బావ వరసే అనుకోండి. ఈ కథ సగం ఆయన చెప్పాడు, సగం పంటు నడిపే పోలిరాజు చెప్పాడు, మిగిలిన సగం నేను కలుపుకున్నాను. మూడు సగాలెలా వస్తాయని లెక్కలు తియ్యకండి, వినండి. లంకంటే తెలుసుగా, చుట్టూ గోదారి, మధ్యలో ఊరు. వంతెన లేదు. ఉన్న సిమెంటు రోడ్డంతా కలిపి కొలిస్తే కిలోమీటరున్నర, అది కూడా ఊరి నడిమధ్యన. అంత రోడ్డుకి కారెందుకయ్యా అంటే, ఏమైందంటే, ఒక ఏడాది కందకి ధర బాగా పలికింది. సత్తిరాజు పాడిగేదెను కొనుక్కొస్తానని టౌనుకెళ్లాడు. అక్కడెవరో డాక్టరుగారు మూడేళ్లు వాడిన తెల్ల కారు అమ్ముతున్నాడంటే ఊరికే చూసొద్దామని వెళ్లాడంట. చూశాడు, లోపల కూర్చున్నాడు, ఇంక లేవలేదు. సాయంత్రానికి పంటు మీంచి కారు దిగింది. ఆయన భార్య మంగాయమ్మ పలుపుతాడు పట్టుకుని రేవులో నిలబడి ఉంది. గేదేదీ అందంట. ఇదే అన్నాడంట. ఆవిడ ఆ కారు చుట్టూ ఒక తిరుగు తిరిగొచ్చి, "పూటకి ఎన్ని లీటర్లిస్తదేంటి?" అంటే, "ఇది ఇవ్వదొదినా, తాగుద్ది" అన్నాడు పోలిరాజు. రేవు రేవంతా నవ్వింది.

ఈ పోలిరాజు ఇంటిపేరు మల్లాడి. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి మీద చెక్కలు పరిస్తే అదే పంటు, దాని మీద ట్రాక్టరు దాటుద్ది, కారు దాటుద్ది, గొడ్లూ దాటతాయి. దాటినందుకు ఇచ్చే డబ్బుని అక్కడ కేవు అంటారు. ఇప్పుడొక సంగతి చెబుతాను, చెవినేసుకోండి, ముందుముందు పనికొస్తది. ఆ లంకలో పెళ్లికూతుర్ని అత్తారింటికి దాటించిన పడవకి బట్టలు పెడతారు. పడవవాడికి కాదు, పడవకి. ముక్కు దగ్గర పసుపు రాసి, కొత్త రవికల గుడ్డ కట్టి, అమ్మా మా పిల్లని క్షేమంగా దింపొచ్చావు అని దణ్ణం పెడతారు. ఎప్పట్నించి అంటే ఎవరికీ తెలీదు, పడవలున్నప్పట్నించి అనుకో. మరి కారొచ్చాక పెళ్లికూతురు కారులో కూర్చుని వెళ్తుందాయె. మొదటిసారి వెళ్లింది చిట్టెమ్మ మనవరాలు. చిట్టెమ్మంటే ఆ ఊళ్లో అందరికంటే పెద్దావిడ, అందరికంటే ఎక్కువ మాట్లాడేది కూడానూ. పిల్లని దింపి కారు తిరిగొచ్చేసరికి ఆవిడ ఎర్ర రవికల గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నాకెందుకు అత్తా?" అన్నాడు సత్తిరాజు. "నీకెవరు పెడుతున్నార్రా, పక్కకి జరుగు" అని ఆ గుడ్డ తీసుకెళ్లి కారు ముందు కట్టేసిందంట. అంతే, ఆ రోజునించి ఎవరింట్లో పెళ్లయినా కారు వెళ్లడం, వచ్చాక గుడ్డ కట్టడం. సత్తిరాజు ఒక్క రూపాయి తీసుకున్నది లేదు, ఆయిలు ఖర్చు కూడా ఆయనదే. పెళ్లిళ్లకే కాదు, పురుళ్లకీ, పాము కరిచినవాడికీ, పరీక్షలకెళ్లే పిల్లలకీ ఆ కారే తిరిగింది.

ఇన్సూరెన్సు దగ్గరికొద్దాం. కారు కొన్న వారానికి రమణకుమారి అని ఒక ఏజెంటమ్మ పంటు మీద వచ్చింది. కళ్లజోడు, గొడుగు, చేతిలో సంచీ. సత్తిరాజు ముందే చెప్పేశాడంట, అమ్మా పోలీసోళ్లు ఆపితే చూపించడానికో కాగితం కావాలి, అన్నిట్లోకి చవకది రాసెయ్యి అని. ఆవిడ సంచీ కింద పెట్టి, "చవకదంటే థర్డ్ పార్టీ అండి. అది చట్టం ప్రకారం ఉండి తీరాలి, దాని రేటు ప్రభుత్వం కట్టేసిందే, నేను తగ్గించేది లేదు పెంచేది లేదు. కానీ అందులో మీ కారుకి ఏమీ రాదు" అంది. రాకపోతే ఎందుకూ అన్నాడు ఈయన. ఆవిడ చుట్టూ చూసింది, ఎదురుగా మంగాయమ్మ దూడని కట్టేస్తోంది. "అమ్మా, మీ దూడ తాడు తెంచుకెళ్లి పక్కోళ్ల చేలో పడిందనుకోండి. పక్కోళ్ల చేను నష్టం కట్టేది థర్డ్ పార్టీ. మీ దూడ కాలు విరిగితే మాత్రం అది పట్టించుకోదు. చేనుకీ దూడకీ రెండిటికీ కావాలంటే ఫుల్ ఇన్సూరెన్సు." మంగాయమ్మ దూడ వంక చూసి, కారు వంక చూసి, ఫుల్లే రాయమ్మా అందంట. ఈయనకింకా మనసొప్పలేదు. ఏటా కడతాం, ఏమీ జరక్కపోతే ఆ డబ్బు తిరిగిస్తారా అన్నాడు. ఏజెంటమ్మ నోరు తెరిచే లోపే మంగాయమ్మ అందుకుంది. "వరద పడవకి ఏటా ఇస్తున్నాం కదయ్యా, వరద రాని ఏడు వెనక్కి అడుగుతున్నావా?" వరద పడవంటే ఏంటంటే, ఊరుమ్మడి పడవ. ఉగాదికి ఇంటికిన్ని కుంచాలని ధాన్యం వసూలు చేసి దానికి తారు పూయిస్తారు, చెక్కలు మారుస్తారు. ఏ ఇల్లు మునిగితే ఆ ఇంటోళ్లు ఎక్కుతారు. మునగనోళ్లు మా కుంచాలు మాకియ్యండని అడగరుగా. అంతే కాదు, పల్లపు వైపు ఇళ్లోళ్లు మూడు కుంచాలివ్వాలి, మెరక మీద ఇళ్లోళ్లు ఒకటిస్తే చాలు. ఏజెంటమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుందంట. "నేను పద్నాలుగేళ్లబట్టి చెబుతున్నాను అమ్మా, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. రేటు కట్టేదీ అలాగే. ఇంజను పెద్దదైతే ఎక్కువ, కారు విలువ ఎక్కువైతే ఎక్కువ, పెద్ద పట్నంలో తిరిగితే ఎక్కువ. మీది ఇక్కడే తిరుగుద్ది, చిన్న కారు, మెరక మీద ఇల్లన్నట్టే." అప్పుడు సత్తిరాజు ఇంకో తెలివి తీశాడు. కారు విలువ సగానికి తగ్గించి రాయి, కట్టేది తగ్గుద్దిగా అన్నాడు. తగ్గుద్దండి, కారు పూర్తిగా పోయిన రోజున వచ్చేదీ ఆ సగమే అంది ఆవిడ. ఇంక నోరు మూసుకుని సంతకం పెట్టాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ ఒక మాట చెప్పింది, ఏడాదంతా ఏమీ అడక్కుండా ఉంటే వచ్చే ఏడు మీ కారుకి కట్టే భాగంలో నూటికి ఇరవై తగ్గిస్తారు, అలా ఏటా పెరిగి అయిదో ఏటికి సగానికి సగం తగ్గుద్ది, దాన్ని నో క్లెయిమ్ బోనసు అంటారు అని. ఇంక చూడండి మా బావ సంబరం. అదేదో మాల వేసుకున్న దీక్షలా పట్టాడు. రెండో ఏడు ఎవరిదో పొట్టేలు కారు తలుపులో తన నీడ చూసుకుని, వేరే పొట్టేలనుకుని కుమ్మేసింది. గుండ్రంగా సొట్ట పడింది. బాగుచెయ్యడానికి పద్దెనిమిదొందలవుద్దన్నాడు మెకానిక్కు. ఏజెంటమ్మకి ఫోన్ చేస్తే, అడగొచ్చండి, కానీ ఎంత ఖర్చయినా మొదటి వెయ్యి మీరే పెట్టుకోవాలి, ఆ మిగిలిన ఎనిమిదొందల కోసం రెండు వేల బోనసు పోద్ది అంది. సత్తిరాజు ఆ సొట్టని అలాగే ఉంచుకున్నాడు. ఎవరైనా అడిగితే అది సొట్ట కాదు, బోనసు అనేవాడంట. అలా అయిదేళ్లు గడిచాయి. అయిదో ఏడు సగం తగ్గించిన కాగితం వస్తే ఊరందరికీ చూపించాడు, పోలిరాజుకి మూడుసార్లు చూపించాడు.

ఆ తరవాత నెలలోనే జరిగింది. ఒక పిల్లని అత్తారింట్లో దింపి కారు తిరిగొస్తోంది. ముందు మూరెడు కొత్త ఆకుపచ్చ గుడ్డ, అది పెళ్లివారు రేవులోనే కట్టి పంపించారు. పంటు మీద ఎక్కించాక కారులో ఎవరూ కూర్చోకూడదని పోలిరాజు పెట్టిన కట్టడి ఉంది, ఎంతటివాడైనా దిగాల్సిందే. సత్తిరాజు దిగి అంచున నిలబడ్డాడు. చక్రాల కింద చెక్క ఆపులు పెట్టారు. అంతా సవ్యంగానే ఉంది. ఏమైందంటే, మొన్నటి వరదకి ఇవతలి రేవు ముందు కొత్తగా ఇసుక మేట వేసింది, అది నీటికి జానెడు కింద ఉంది, కనపడలేదు. పంటు వెళ్లి దాన్ని తన్నింది. ఆపు ఎగిరిపోయింది. కారు నెమ్మదిగా, ఏదో పనున్నట్టు, ముందుకు కదిలి గోదారిలోకి దిగిపోయిందంట. ముక్కు కిందికి, వెనకభాగం పైకి, అచ్చం గేదె నీళ్లలోకి దిగినట్టే. సత్తిరాజు అరవలేదంట. అంత గొంతున్న మనిషి, ఒక్క మాట రాలేదంట. రేవులో నిలబడ్డ మంగాయమ్మ మాత్రం, "గేదెను తెచ్చుంటే అదే ఈదుకుంటూ వచ్చేది" అందంట. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయంట, ఆ మాట అంటున్నప్పుడు. పాతికమంది దిగి, తాళ్లు కట్టి, రెండు ట్రాక్టర్లతో లాగారు. కారు గట్టెక్కింది. తలుపు తీస్తే కాలవ పారినట్టు నీళ్లు.

ఊరోళ్ల బుద్ధి తెలుసుగా, మట్టయితే కడగాలి. ఆడవాళ్లందరూ బిందెలతో పరిగెత్తుకొచ్చారు. ఇంకొకాయన తాళం తిప్పు, ఆడుద్దేమో చూద్దాం అంటున్నాడు. ఈలోపు మంగాయమ్మ ఏజెంటమ్మకి ఫోన్ చేసి, కారు నీళ్లలో పడిందమ్మా అంది. ఆవిడ అటునించి గట్టిగా, "తాళం తిప్పనివ్వకండి. నీళ్లు దిగిన ఇంజన్ని తిప్పితే లోపల విరిగిపోద్ది, అది నీళ్ల వల్ల విరిగింది కాదు, మీరు తిప్పబట్టి విరిగిందని కంపెనీ ఇవ్వదు. కడగొద్దు. ఫోటోలు తియ్యండి. సర్వేయరుగారిని పంపిస్తాను" అందంట. మంగాయమ్మ తాళం లాక్కుని కొంగున ముడేసుకుంది. బిందెలోళ్లని వెనక్కి తోలింది. అప్పుడు మెకానిక్కు వచ్చి చూసి, బాగుచెయ్యడానికి లక్షా ఇరవై వేలు తక్కువ కాదన్నాడు. సత్తిరాజు దగ్గర అంతెక్కడిది. కంపెనీ ఇస్తే కారు నడుస్తది, ఇవ్వకపోతే పాత ఇనుప కొట్టుకి తోలడమే. కారు పోతే ఆయనొక్కడి బాధేనా అది? నెల తిరక్కుండా పోలిరాజు కూతురికి పురుడొచ్చేలా ఉంది, ఆ పిల్లకి ఆపరేషను పడొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. పోలిరాజు అన్నం మానేసి కూర్చున్నాడంట, నా పంటు మీదే జరిగింది, నా పిల్లకే అవసరం పడింది అని.

ఇక్కడ వీరభద్రయ్యగారని ఒకాయన ప్రవేశించాడు. ఒకప్పుడు వార్డు మెంబరుగా చేశాడు, అంచేత అన్నీ తెలుసు. ఆయన అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడంట. "ఒరే, కారు ఇన్సూరెన్సంటే రోడ్డు మీద జరిగినదానికి. పడవల ఇన్సూరెన్సు వేరే ఉంటది. పంటు మీంచి పడిందని నోరు జారారా, పైసా రాదు. రోడ్డు మీంచి జారి నీళ్లలో పడిందని చెప్పండి. అందరూ ఒకే మాట మీద ఉండాలి." సత్తిరాజు, అబద్ధమెందుకు బాబాయ్ అని గొణిగాడంట. నీకు కారు కావాలా, నిజం కావాలా అన్నాడు వీరభద్రయ్యగారు. అందరూ సరేనన్నారు. చేతిలో చెయ్యేసుకున్నారు. రోడ్డు అని చెప్పాలని అనుకున్నారు బాగానే ఉంది, ఏ రోడ్డు, ఏ నీళ్లు అన్నది ఒక్కడూ అనుకోలేదు. అదీ తప్పు. మీరు నవ్వుతున్నారు గానీ ఆ పూట మీరున్నా అదే చేసేవాళ్లు.

మర్నాడు పొద్దున్నే సర్వేయరు ఇస్మాయిల్ గారు వచ్చారు. సర్వేయరంటే దెబ్బతిన్న బండిని చూసి ఎంత పోయింది, ఇవ్వొచ్చా లేదా అని కంపెనీకి రాసి పంపే మనిషి. సన్నగా ఉంటాడు, పాత మోటారుసైకిలు, మెడలో కెమెరా, మాట చాలా మెత్తన. ఆయన వచ్చిందీ ఆ పంటు మీదే. దారిలో పోలిరాజుని, ఎక్కడ పడిందయ్యా అన్నాడు. రోడ్డు మీంచి బాబూ, కాలవలో అన్నాడు పోలిరాజు నీళ్ల వంక చూస్తూ. రేవు దిగాక టీ కొట్టు దగ్గరడిగితే, చెరువులో అండి అన్నారు. ఇంకో నాలుగడుగులేసి అడిగితే, వంతెన మీంచి అన్నాడొకడు. వంతెన లేని ఊళ్లో వంతెన. వీరభద్రయ్యగారు మాత్రం గట్టు రోడ్డని బల్లగుద్ది చెప్పాడు. ఆ ఊరికి గట్టుంది గానీ దాని మీద రోడ్డు లేదు, సైకిలు కూడా నడిపించుకుని వెళ్లాలి. ఇస్మాయిల్ గారు అన్నీ రాసుకున్నారు. సత్తిరాజింటికొచ్చి, చిట్టెమ్మ కనపడితే ఆవిడనీ అడిగారు. "అమ్మా, మీ ఊళ్లో రోడ్డు మధ్యలో ఉంది, నీళ్లు చివర్లో ఉన్నాయి. రేవు బాట వదిలేస్తే మధ్యలో అంతా నూట యాభై గజాల అరటితోట. కారు అక్కడికెలా వెళ్లింది?" చిట్టెమ్మ తడుముకోలేదంట. "గెంతింది నాయనా" అంది.

ఆయన నవ్వలేదు. కారు దగ్గరికెళ్లి అన్ని వైపులా ఫోటోలు తీశారు. వెనక డిక్కీ తెరిచారు. అందులో ఏముంది, గోదారి ఇసుక, నాలుగు ఆలుచిప్పలు, ఒక మూలన చచ్చిపోయిన బొమ్మిడాయ చేప. ఆయన ఆ చేపను తోక పట్టుకుని తీసి, సత్తిరాజు ఎదురుగా పట్టుకుని, "ఇదీ రోడ్డు మీదే ఎక్కిందాండి?" అని మెల్లగా అడిగారంట. ఊరంతా చూస్తోంది. వీరభద్రయ్యగారు కళ్లతో వద్దు వద్దంటున్నాడు. సత్తిరాజు మంగాయమ్మ వంక చూశాడు. ఆవిడ, "అయిదేళ్లు ఒక్క పైసా అడక్కుండా కట్టావయ్యా, అడిగేటప్పుడు అబద్ధంతో అడుగుతావా?" అంది. అంతే, మనిషి చేతులు రెండూ జోడించి, "పంటు మీంచి పడిందండి. ఇసుక మేట తగిలింది. మావాళ్లు నా మీది ప్రేమతో చెప్పారు తప్ప దురాశ కాదండి. పంటు మీద జరిగితే రాదన్నారు. రాకపోతే మానె, రాసెయ్యండి" అన్నాడంట. ఇస్మాయిల్ గారు చేపను పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, ఫైల్లోంచి పాలసీ కాగితం తీసి, అక్కడ వేలు పెట్టి తెలుగులో చెప్పారు. "మీ బండి రోడ్డు మీదున్నా, రైలు మీద ఎక్కించి తీసుకెళ్తున్నా, నదుల్లో కాలవల్లో పడవ మీద దాటిస్తున్నా, దెబ్బ తగిలితే ఈ పాలసీ వర్తిస్తుంది. ఇది మొదట్నించీ ఇందులో ఉంది. మీరు ఒక్కసారైనా చదివారా?" అయిదేళ్లు ఊరందరికీ చూపించిన కాగితం అండి అది. ఎవరూ చదవలేదు, అందరూ బోనసు అంకె చూసి ఇచ్చేశారు. "ఇంకో మాట కూడా వినండి. పంటు మీంచి అంటే వచ్చేదే. గెంతిందని నేను రాసుంటే, అబద్ధపు క్లెయిమని మొత్తం కొట్టేసేవారు." వీరభద్రయ్యగారు అప్పుడే ఏదో పని గుర్తొచ్చి ఇంటికెళ్లిపోయాడంట.

ఊరికి ఊరు ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. టీలొచ్చాయి, అరటిపళ్లొచ్చాయి. ఇంక నిజం చెబితే మంచిదని తెలిసిపోయిందా, అందరూ పోటీలు పడి నిజాలు చెప్పడం మొదలెట్టారు. అందులో చిట్టెమ్మ ముందు. "నాయనా, ఈ కారు మా అందరిదీ అనుకో. ఎవరి పెళ్లయినా ఇదే వెళ్లుద్ది. మేమూ ఊరుకోం, వెళ్లొచ్చినప్పుడల్లా కొత్త బట్టలు పెడతాం. దీనికి పెట్టని ఇల్లు ఈ లంకలో లేదు." ఇస్మాయిల్ గారి కలం ఆగిపోయింది. టీ గ్లాసు కింద పెట్టారు. "సత్తిరాజుగారూ, ఇది సొంత వాడకానికి రాసిన పాలసీ. మనుషుల్ని ఎక్కించుకుని అందుకు బదులేదైనా పుచ్చుకుంటే అది కిరాయి బండి. కిరాయి బండికి రేటు వేరు, పాలసీ వేరు. అలా తిప్పుతుంటే ఇందులో రాదు." టీ తాగుతున్నవాళ్లు తాగుతున్నట్టే ఆగిపోయారంట. చిట్టెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పంటు గండం గడిచిందిరా దేవుడా అనుకుంటే గుడ్డముక్క గండమొచ్చి పడింది.

అప్పుడు ముందుకొచ్చింది ఎవరంటే పోలిరాజు. జీవితంలో ఎవరికీ ఎదురు నిలబడి మాట్లాడిన మనిషి కాదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "బాబుగారూ, నన్నొకటి అడగనివ్వండి. ఇందాక తమరు పంటు ఎక్కారు, కేవు ఇచ్చారా?" అన్నాడు. ఇచ్చానన్నారు ఈయన. "పెళ్లివారూ ఇస్తారండి. కేవు నా చేతికి ఇస్తారు, గుడ్డ పడవకి కడతారు. పడవకి గుడ్డ కట్టాం కదా కేవులో పది తగ్గించమని ముప్పయ్యేళ్లలో ఒక్కరూ అడగలేదండి. గుడ్డ లేదు కదా ఎక్కనివ్వనని నేనూ ఎవర్నీ అనలేదు. అది దాటించినందుకు డబ్బు కాదండి, పడవకి మర్యాద. కారుకీ అదే. కారుకి అసలు కేవే లేదు." ఇస్మాయిల్ గారు ఆలోచించారు. ఏమీ పెట్టనివాళ్లు ఎవరైనా ఎక్కారా అన్నారు. వెనకనించి ఒకడు చెయ్యెత్తి, నన్ను పాము కరిచినప్పుడు తీసుకెళ్లాడండి, నేనింతవరకూ ఒక జేబురుమాలు కూడా పెట్టలేదు అన్నాడు. నేనూ పెట్టలేదు అని ఇంకొకడు. చూస్తుండగా పద్నాలుగు చేతులు లేచాయంట. పెట్టలేదని ఒప్పుకోవడానికి అంత ఉత్సాహం ఎక్కడా చూడలేదు. "సరే, పెట్టిన బట్టలేవి? మంగాయమ్మగారు కుట్టించుకున్నారా?" అని ఆఖరి ప్రశ్న. మంగాయమ్మ వెళ్లి కారు నాలుగు తలుపులూ తెరిచింది. సీట్ల నిండా ముక్కలు ముక్కలు కలిపి కుట్టిన తొడుగులు. ఎరుపు, పసుపు, నీలం, చిలకపచ్చ, జరీ అంచులు, అద్దకాలు. అయిదేళ్ల పెళ్లిళ్లన్నీ అక్కడే ఉన్నాయి. గోదారి నీళ్లకి రంగులొకదాంట్లోకొకటి దిగి, ఆ కారు అడుగునించి నేల మీదకి చుక్కలు చుక్కలుగా రంగు కారుతోందంట. "కారుకి పెట్టింది కారే కట్టుకుంది బాబూ. నేను ఒక్క దారప్పోగు ముట్టుకోలేదు" అంది. ఆయన ఆ సీట్ల వంక చూసి, ఒక ఫోటో తీసుకున్నారు. అది కంపెనీకి కాదు, మా ఇంట్లోవాళ్లకి చూపించడానికి అన్నారంట. తరవాత కలం తీసి రాశారు. కిరాయి వాడకం లేదు, ఎవరి దగ్గరా ప్రయాణానికి ప్రతిఫలం పుచ్చుకోలేదు, ఊరి ఆచారం ప్రకారం వాహనానికే వస్త్రాలు పెడతారు, అవి వాహనంలోనే ఉన్నవి చూశాను. సంతకం.

ఏమొచ్చింది ఏం రాలేదు అని అడుగుతారేమో, అదీ చెబుతాను. అద్దాలకి పూర్తిగా వచ్చింది. ప్లాస్టిక్కుకీ రబ్బరుకీ సగం. ఇనుపసామాను బండి వయసుని బట్టి కోసిచ్చారు, ఎనిమిదేళ్ల బండి కదా. మొదటి వెయ్యి ఆయనదే. తాళం తిప్పలేదు కాబట్టి ఇంజను శుభ్రం చెయ్యడానికిచ్చారు. మొత్తం మీద డెబ్బై నాలుగు వేలు కంపెనీ భరించింది, మిగతాది రెండు లోడ్ల అరటిగెలలు భరించాయి. పొట్టేలు సొట్ట పాతది కదా, దానికివ్వలేదు. సీటు తొడుగులకీ ఇవ్వలేదు, అవి పాలసీలో విడిగా రాయించలేదంట. మంగాయమ్మ పడీ పడీ నవ్విందంట, పద్నాలుగు పెళ్లిళ్లు పాలసీలో ఎలా రాయిస్తారండీ అని. బోనసు మాత్రం సున్నాకి దిగిపోయింది. సత్తిరాజు ఆ ఒక్కదానికి రెండు రోజులు దిగాలుగా ఉన్నాడు. ఇరవై రెండో రోజున కారు పంటు మీద తిరిగొచ్చింది. ఇరవై ఆరో రోజు తెల్లవారకట్ల పోలిరాజు కూతుర్ని ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా కులాసా. పోలిరాజు ఆ కారుకి పట్టుగుడ్డ కట్టాడు, అది ఇప్పుడు ముందు సీటు మీద ఉంది, ఎవర్నీ దాని మీద కూర్చోనివ్వరు.

బాగుచేసిన బండిని ఒకసారి చూసి రాయాలని ఇస్మాయిల్ గారు మళ్లీ వచ్చారు. చూశారు, అక్కణ్నించే రాసి పంపించారు, డబ్బు అప్పటికే వచ్చేసింది, ఇంక ఆయనకీ ఊరికీ కాగితం ముక్క బాకీ లేదు. అప్పుడు చిట్టెమ్మ కొత్త తువ్వాలు పట్టుకొచ్చింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, "వద్దమ్మా, నేను పుచ్చుకోకూడదు, తప్పు" అన్నారు.  చిట్టెమ్మ ఆయన్ని తప్పించుకుని తిన్నగా మోటారుసైకిలు దగ్గరికెళ్లి, హ్యాండిలుకి పసుపు రాసి తువ్వాలు కట్టేసింది. "నీకెవరు పెడుతున్నారు నాయనా, పక్కకి జరుగు. బండికి పెడితే తప్పు లేదని నీ చేత్తో నువ్వే రాశావు" అంది. ఆ మెత్తని మనిషి మొట్టమొదటిసారి బిగ్గరగా నవ్వాడంట. ఆ తువ్వాలు బండికి ఉండగానే పంటెక్కి వెళ్లాడు.

అదీ సంగతి. సత్తిరాజు మళ్లీ మొదటి ఏటి బోనసు దగ్గర్నించి మొదలెట్టాడు, ఈ మధ్య కలిసినప్పుడు నూటికి ఇరవై తగ్గించిన కాగితం చూపించాడు. ఈసారి నేను వెనక్కి తిప్పి చదివాను, నాలుగు పేజీలు, కళ్లజోడు పెట్టుకుని. మీరూ ఇంటికెళ్లి మీ బండి కాగితం ఒకసారి చదువుకోండి, అందులో మీకు తెలీని మేలేదో ఉండే ఉంటది. నా మోపెడ్ సంగతంటారా, పదకొండేళ్లుగా ఈ వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా వెనకెక్కించుకుని తిప్పుతోంది, ఇంతవరకూ ఒక్కరైనా దానికి గోచీగుడ్డంత ముక్క కట్టింది లేదు. అడుగుతున్నానని కాదు. ఎవరికైనా బుద్ధి పుడితే, అది బయట గోడకి ఆనించి ఉంది, తాళం వెయ్యలేదు.